బలపపు రాయిలో మంచు ఎలుగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీల్లో కెనడా ఉత్తరపు అంచున బతికే ఇన్యూట్ ప్రజల రాతి శిల్పాలను పరిచయం చేశాం. మంచు ఎలుగు, సముద్రంలో ఈదే సీల్, పొడవాటి దంతాలుండే వాల్రస్, తెల్ల గుడ్లగూబ... రెండు చేతుల్లో ఇమిడే రాయిలో జంతువు బరువంతా చూపించే పని అది. చదివి ఊరుకోకుండా తామూ చెక్కాలనుకున్న పాఠకులు రాసిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: నమస్తే సార్. వాళ్లు వాడే రాయి మన దగ్గర దొరుకుతదా? మా ఇంటి వెనుక షాపువాళ్లు కరీంనగర్ గ్రానైట్ ముక్కలు ఉత్తగనే ఇస్తమంటున్నరు. దాంతోని మొదలుపెట్టొచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

ఉత్తగా ఇచ్చినా గ్రానైట్ వద్దమ్మా. గట్టిదనాన్ని కొలిచే మోస్ లెక్కలో బలపపు రాయిలో ఉండే టాల్క్ 1 దగ్గర ఉంటుంది. మన గోరు 2.5, ఉక్కు చాకు 5.5. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 7. అంటే మీ చేతిలో ఉలి కంటే రాయే గట్టిది. దాన్ని లొంగదీయాలంటే కార్బైడ్ మొనలు, డైమండ్ బ్లేడ్లు కావాలి. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

ఇన్యూట్ల భాషలో చెక్కే రాయి పేరు ఉక్కుసిక్సాక్. కుండ చేసుకునే సరుకు అని అర్థం. వంట కుండలూ, సీల్ కొవ్వు పోసి వెలిగించే కుల్లిక్ అనే దీపాలూ దాంతోనే తొలిచేవారు. పులుసు కాచే మన రాచిప్ప కూడా ఆ జాతి రాయే. మెత్తటి బలపం కూడా అదే కుటుంబం. అందుకని దుకాణంలో 'సోప్‌స్టోన్' అనో 'బలపపు రాయి' అనో అడగండి. నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు దీని గనులున్నాయి. రాజస్థాన్ నుంచి కూడా చాలా వస్తుంది కాబట్టి మార్బుల్ వ్యాపారులను, విగ్రహాలు చెక్కేవాళ్లను అడిగి తెప్పించుకోవచ్చు.

కినైట్ ఊరి శిల్పుల ఆకుపచ్చ రాయి ఫోటోల్లో చూసి అదే కావాలని పట్టుపట్టకండి. ఒకప్పుడు కేప్ డార్సెట్ అని పిలిచిన ఊరు అది. అక్కడ వాడేది ఎక్కువగా సర్పెంటైన్ జాతి రాయి, బలపపు రాయి కంటే బాగా గట్టిది. ముందు మెత్తటి రాయి మీద చెయ్యి తిరగనివ్వండి.

కొనేముందు మూడు పరీక్షలు చెయ్యండి. గోటితో గీరితే గీత పడాలి. గోటికి లొంగక ఇనుప మేకుకు లొంగితే అది కాస్త గట్టి రకం, అదీ పరవాలేదు. మేకుకు కూడా లొంగకపోతే వదిలెయ్యండి. రెండోది, రాయిని ఒక చేతిలో వేలాడేటట్టు పట్టుకుని చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. మూడోది, నీళ్లు పోసి ఆరనివ్వండి. పైభాగం ఆరిపోయాక కూడా ఎక్కడైనా నల్లటి గీత తడిగానే ఉంటే అది పగులే. దాన్ని మీ బొమ్మకు బయట పడేటట్టు కోసుకోగలిగితేనే ఆ రాయి తీసుకోండి.

ఇంకొక్క జాగ్రత్త ఉంది. ఈ జాతి రాళ్లలో కొన్నిటి మధ్య పట్టుదారాల్లా మెరిసే నార చారలుంటాయి. అది రాతినార, అంటే ఆస్బెస్టాస్ కావచ్చు. పులివెందుల వైపు ఆస్బెస్టాస్ తవ్వింది ఇటువంటి పచ్చటి సర్పెంటైన్ రాళ్లలోనుంచే. గోటితో గీకితే పోగులు లేచే రాయి ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు.

కొలత విషయానికొస్తే, మొదటి బొమ్మకు 15 సెంటీమీటర్ల పొడవు, 10 ఎత్తు, 7 మందం ఉన్న దిమ్మె సరిపోతుంది. మూడు కిలోలకు కొంచెం తక్కువ తూగుతుంది. అంతకంటే చిన్నదైతే పట్టు దొరకదు, పెద్దదైతే సగంలో విసుగొస్తుంది.

ప్రశ్న: ఏమేం సామాను కొనాలె, మంచు ఎలుగును మొదటి నుంచి చివరిదాక ఎట్ల చెక్కాలె? వరుసగ చెప్పండి సార్.
— ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

మిషన్లేవీ వద్దు. ఒక హ్యాక్సా, అంగుళానికి 18 పళ్లుండే బ్లేడ్లు నాలుగు. అంగుళం వెడల్పు వడ్రంగి ఉలి ఒకటి, పాతదైనా సరే. 300 గ్రాముల సుత్తి. ఒక పక్క చదునుగా, ఒక పక్క గుండ్రంగా ఉండే 10 అంగుళాల ముతక ఆకురాయి. 6 అంగుళాల గుండ్రటి ఆకురాయి. సూదుల్లా సన్నగా ఉండే చిన్న ఆకురాళ్ల సెట్టు. 120 నుంచి 1000 నంబరు దాకా వాటర్ పేపర్. ఒక వైరు బ్రష్షు, ఒక బకెట్ నీళ్లు. అన్నిటికంటే ముఖ్యం ఇసుక సంచి. చిన్న గోనెసంచిలో ముప్పావు వంతు ఇసుక నింపి మూతి కుట్టండి. రాయి దాని మీద కూర్చుంటుంది, దెబ్బ పడితే అదురు ఇసుకలోకి దిగిపోతుంది. గట్టి బల్ల మీద పెట్టి కొట్టిన రాయి మీరు కొట్టిన చోట కాకుండా ఇంకెక్కడో పగులుతుంది.

ముందు ఎలుగు పక్కవాటు బొమ్మను కాగితం మీద గీసి కత్తిరించండి. ముక్కు నుంచి వెనుకదాకా 14 సెంటీమీటర్లు, వీపు ఎత్తు 9. ఆ కాగితాన్ని దిమ్మె రెండు పక్కలా ఎదురెదురుగా ఆనించి మార్కర్‌తో గీయండి. సుద్దతో గీస్తే తడికి చెరిగిపోతుంది. తరువాత దిమ్మె ముందు వైపు, పైన, వెనుక వరుసగా ఒక నడిమి గీత గీయండి. ఈ గీత మీకు వెన్నెముక లాంటిది. ఆకురాయి దాన్ని అరగదీసినప్పుడల్లా మళ్లీ గీయాలి. మొదటి బొమ్మ వంకరపోయిందంటే నూటికి తొంభై సార్లు నడిమి గీతను మధ్యలో వదిలేయడమే కారణం.

ఇప్పుడు కోత. తల మీద, గడ్డం కింద, వెనుక వైపు ఉన్న అనవసరపు రాయిలోకి సెంటీమీటరుకొకటి చొప్పున రంపపు కోతలు వేయండి. కోత మీ గీతకు 3 మిల్లీమీటర్ల ముందే ఆగాలి. అప్పుడు ఆ ముక్కలు పలకల్లా నిలబడతాయి. వాటి మొదట్లో ఉలి ఆనించి చిన్నగా తడితే ఒక్కొక్కటే ఊడుతుంది. దెబ్బ ఎప్పుడూ అంచు నుంచి రాయి లోపలికి పోవాలి. లోపలి నుంచి అంచు వైపు కొడితే అంచే ఊడి వస్తుంది. బ్లేడు బురద పట్టి జారుతుంటే నీళ్లలో ముంచి తీయండి, బలం పెట్టకండి.

చెవుల సంగతి ఈ దశలోనే గుర్తుండాలి. తల మీద చెవులొచ్చే చోట ఒక సెంటీమీటరు ముద్ద వదలండి. అది మరిచిపోతే చివర్లో చెవుల కోసం తలను తవ్వాల్సి వస్తుంది, తల కాస్తా పిల్లి తలంత అవుతుంది.

పక్కవాటు వచ్చాక పైనుంచి చూసే ఆకారం. తల వెడల్పు 3 సెంటీమీటర్లు, భుజాలు 5.5, వెనుక భాగం 6.5. దీన్నీ అలాగే కోసి, చెక్కి తీయండి. అంతా ఇంకా పెట్టెలాగే కనబడుతుంది, కంగారు పడవద్దు. పెట్టె మూలలు కొట్టేస్తే ఎనిమిది పలకలవుతుంది. ఎనిమిది పలకల మూలలు అరగదీస్తే గుండ్రం వస్తుంది. తొందరపడి నేరుగా గుండ్రం చేయబోతే ఒక పక్క ఉబ్బు, ఒక పక్క గుంట మిగులుతాయి.

మొదటి ఎలుగుకు కాళ్ల మధ్య సందు తెరవకండి. ముందు కాళ్ల జతకూ వెనుక కాళ్ల జతకూ నడుమ చిన్న వంపు చాలు. కుడి ఎడమ కాళ్ల మధ్య అర సెంటీమీటరు లోతు గాడి తీస్తే నీడ పడి కాళ్లు విడిగానే కనిపిస్తాయి. ఇది చేతగానితనం కాదు. ఇన్యూట్ శిల్పుల బొమ్మల్లో చాలా వాటికి కాళ్లు ఇలా ముద్దగానే ఉంటాయి, ఆ బరువే వాటి అందం.

తరువాత ముతక ఆకురాయి, దాని వెంట సన్న ఆకురాళ్లు. తడి రాయి మీద ఆకురాయి పళ్లు త్వరగా పూడుకుపోతాయి. ఐదు నిమిషాలకోసారి వైరు బ్రష్షుతో పళ్ల వాలుకే తోమండి. ముఖం అన్నిటికంటే చివర. ముక్కు మొన కొద్దిగా చదును, చెవులు సగం బఠానీ గింజంత, నోటి గీత ఒకటి. కళ్లు ఇప్పుడే వద్దు. మైనం పట్టించాక రెండు చుక్కలు గుచ్చితే రాయి అసలు రంగు తెల్లగా బయటపడి కళ్లు వాటంతట అవే నిలుస్తాయి.

ప్రశ్న: ఆకురాయి పడుతుంటే ముందర కాలు టప్పున ఇరిగింది. రాయిది తప్పా, నాదా? అతికించొచ్చా?
— జగిత్యాల నుంచి ఒక పాఠకుడు

ఎక్కువగా ఇది రాయిని నిలబెట్టిన తీరులో వచ్చే తప్పు. బలపపు రాయికి కట్టెకు ఉన్నట్టే వాలు ఉంటుంది. తడిపి చూస్తే సన్నటి పొరలు ఒక వైపుకు పరిగెత్తినట్టు కనిపిస్తాయి. ఆ పొరలు కాలికి అడ్డంగా పడితే కాలు బిస్కెట్ విరిగినట్టు విరుగుతుంది. ఎలుగుకు దిమ్మె వెడల్పాటి పక్క, అంటే మీరు కాగితం ఆనించి గీసే 15, 10 సెంటీమీటర్ల ముఖం, పొరలకు సమంగా ఉండాలి. అప్పుడు పొరలు ఒళ్లు పొడవునా, కాళ్ల నిలువునా పోతాయి.

రెండో కారణం, కాలు సన్నబడ్డాక కూడా ఒళ్లు పట్టుకుని కాలి చివర రుద్దడం. రుద్దే చోటుకు ఎదురుగా వెనుక వైపున వేళ్లో ఇసుక సంచో ఆనించాలి. ఒళ్లు పని మొత్తం అయ్యేదాకా కాళ్లు రెండున్నర సెంటీమీటర్ల మందానికి తగ్గనివ్వకూడదు.

అతికించొచ్చు. విరిగిన మొహాలను రుద్దకండి, ఆ గరుకే పట్టు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి ఒకరోజు పూర్తిగా ఆరబెట్టండి. జిగురు లేకుండా ఒకసారి ఆనించి ఎలా కూర్చుంటుందో చూసుకోండి. అరాల్‌డైట్ రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి కలిపి, పలుచగా రాసి నొక్కి, దారంతో చుట్టి 24 గంటలు కదపకండి. సందులో పల్లం కనబడితే కాస్త జిగురులో అదే రాయి పొడి కలిపి పూడ్చండి. ఆ పొడిని ముందే ఒక డబ్బాలో ఎత్తిపెట్టుకోవాలి. వేరే రాయి పొడి రంగు కలవదు. అతుకు మీద బరువు పడేటట్టుంటే రెండు వైపులా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి తుప్పు పట్టని స్టీలు పుల్ల ఒకటి లోపల దించండి.

మూడు కాళ్లతో మిగిలిన ఎలుగును ఈదుతున్న ఎలుగుగా మార్చడం ఇంకో దారి. మిగిలిన కాళ్లూ కోసేసి, పొట్ట చదును చేసి, మెడ ముందుకు చాచినట్టు తీర్చండి. నేల మీద పెడితే నీళ్లలో సగం మునిగినట్టే ఉంటుంది.

ప్రశ్న: బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన. ఇంట్ల కూసోలేక ఇది చేద్దామనుకుంటున్న. దుమ్ముతోని ఇబ్బంది ఉంటదా?
— సింగరేణి విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

ఉంటుంది, అందుకే మీ ప్రశ్నకు అందరూ వినేటట్టు జవాబిస్తున్నాం. మీ ఊపిరితిత్తుల్లో ఇప్పటికే బొగ్గు దుమ్ము చేరి ఉండొచ్చు. ముందు ఛాతీ డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటేనే మొదలుపెట్టండి.

మెత్తటి రాయి కదా, బలపమే కదా అనుకోవద్దు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికులు రాతి దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడ్డారు. వాళ్లు కోసిన రాయిలో సిలికా ఉంది. మీరు కొన్న రాయిలో ఏముందో కంటికి కనబడదు. అందుకని అన్ని రాళ్లకూ ఒకటే నియమం: తడిపి చెయ్యాలి. రంపం నడుస్తున్నప్పుడు పక్కన ఎవరైనా సీసాతో చుక్కలు చుక్కలుగా నీళ్లు పోస్తే మంచిది. ఒక్కరే అయితే ప్రతి పది పోట్లకోసారి రాయిని ముంచండి. వాటర్ పేపర్ పని మొత్తం నీళ్లలోనే.

ఎన్95 మాస్కు పెట్టుకోండి. తువాలు చుట్టుకుంటే, ఆసుపత్రి పలుచటి మాస్కు పెట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. గడ్డం ఉంటే మాస్కు అంచు ఆనదు, అదీ గుర్తుంచుకోండి. వాకిట్లో, గాలి వీపు వైపు నుంచి వచ్చేటట్టు కూర్చోండి. పని అయ్యాక చీపురుతో ఊడ్చవద్దు, తడి గుడ్డతో తుడవండి. నేల మీద ఆరిన బురద మళ్లీ దుమ్మే. ఆ బట్టలు మనవళ్ల బట్టలతో కలిపి ఉతకవద్దు. బకెట్‌లో అడుగుకు దిగిన బురదను మోరీలో పోస్తే సిమెంటులా పేరుకుంటుంది. పైనీళ్లు వంచి, బురద ఆరకముందే కవరులో కట్టి పారేయండి.

ఆర్కిటిక్‌లో శిల్పులు గడ్డకట్టే చలిలో కూడా ఆరుబయటో, ఇంటికి దూరంగా చిన్న కొట్టంలోనో చెక్కుతుంటారు. ఇంట్లోకి దుమ్ము రానీయకూడదనేదే కారణం. మీరు గ్రైండర్ జోలికి మాత్రం అసలే పోవద్దు.

ప్రశ్న: మా ఇంట్ల తాతల నుంచి దేవుని విగ్రహాలు చెక్కుతం. మాకు తాళమానం లెక్కలుంటయ్. ఇన్యూట్లకు అసొంటివి ఏమన్న ఉన్నయా? ఇదంత పాత సంప్రదాయమేనా? నల్లశానపు రాయిల చెయ్యొచ్చా?
— శిల్పి, ములుగు జిల్లా

మీరు మూడు ప్రశ్నలు అడిగారు, మూడూ పెద్దవే.

రాసిపెట్టిన మానం వాళ్లకు లేదు. ముఖం పొడవును తాళంగా తీసుకుని ఒళ్లంతా కొలిచే పద్ధతి అక్కడ కనబడదు. వాళ్ల కొలత వేటగాడి కన్ను. సీల్ ఊపిరి తీసుకోవడానికి మంచు రంధ్రం దగ్గరకు ఎప్పుడొస్తుంది, ఎలుగు నిలబడి వాసన పడుతున్నప్పుడు మెడ ఎంత సాగుతుంది, బరువు ఏ కాలి మీద వేస్తుంది అని తరతరాలుగా చూసిన చూపు. అందుకే వెంట్రుకలు గీయరు, గోళ్లు లెక్కపెట్టరు. రామప్పలో మదనికల నగల మధ్య దారం దూరే సందులు చూసి పెరిగిన చేతికి ఇది మొదట కష్టమే. చెక్కాలనే తహతహను ఆపుకోవాలి. నున్నటి ఒంట్లో బరువు ఎటు వాలిందన్నదే ఇక్కడ పనితనం.

ఆ జంతువులను మనం చూడలేదు కాబట్టి తప్పులు ఎక్కడ వస్తాయో చెబుతాం. మంచు ఎలుగుకు మెడ పొడుగు, తల ఒంటితో పోలిస్తే చిన్నది, చెవులు మరీ చిన్నవి. వెనుక భాగం భుజాల కంటే కొంచెం ఎత్తు. మన అడవి ఎలుగును మనసులో పెట్టుకుంటే పెద్ద చెవులు, జూలు, పొట్టి మెడ వచ్చేస్తాయి. ఉంగరాల సీల్‌కు బయటికి చెవులే ఉండవు, వెనుక ఈతరెక్కలు ఎప్పుడూ వెనక్కే, పొట్ట మీద పాకుతుంది. వాల్రస్ అలా కాదు, వెనుక రెక్కలను పొట్ట కిందికి ముందుకు మడిచి నాలుగింటి మీద నడవగలదు. ఈ ఒక్క తేడా తెలియక సీల్‌కు దంతాలు తగిలించి వాల్రస్ అనుకుంటారు. బెలూగా తిమింగలానికి వీపు మీద రెక్క లేదు. కారిబూ అనే మంచు జింకలో ఆడదానికీ కొమ్ములుంటాయి. ఒళ్లంతా పొడవాటి వెంట్రుకలుండే మస్క్ ఆక్స్ అనే జంతువు కొమ్ములు నుదుటి నడిమి నుంచి చెంపల మీదుగా కిందికి దిగి కొనలు పైకి తిరుగుతాయి, మన దున్నకు మల్లే పక్కలకు పోవు. తెల్ల గుడ్లగూబ తల గుండ్రం, కొమ్ముల్లా లేచే ఈకలు కనబడవు.

సంప్రదాయం సంగతి. దంతంలో, ఎముకలో, కొమ్ములో చిన్న చిన్న ఎలుగులు, పక్షులు చెక్కడం ఆ నేల మీద వెయ్యేళ్లకు పైబడిన పని. రాతిలో పెద్ద బొమ్మలు చెక్కి బయటివాళ్లకు అమ్మడం మాత్రం కొత్తది. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే చిత్రకారుడు హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డున ఇనుక్‌జువాక్‌కు వెళ్లి అక్కడి బొమ్మలు వెంట తెచ్చాడు. 1949లో మాంట్రియల్‌లో చేతిపనుల సంఘం పెట్టిన అమ్మకం కొద్ది రోజుల్లోనే అయిపోయింది. 1959లో కేప్ డార్సెట్‌లో సహకార సంఘం ఏర్పడింది. చూపు పాతది, రాయి పరిమాణం కొత్తది అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

నల్లశానపు రాయిలో మీకు చేతనవును, ఇంకొకరికి చెప్పం. హడ్సన్ అఖాతానికి పడమటి వైపు అర్వియాట్, బేకర్ లేక్ ఊళ్లలో రాయి గట్టిది. అక్కడి శిల్పాలు ముద్దగా, అతి తక్కువ గీతలతో ఉంటాయి. రాయి గట్టిదనమే ఆ తీరుకు ఒక కారణం. మీరు మస్క్ ఆక్స్‌తో మొదలుపెట్టండి. నేలదాకా వేలాడే వెంట్రుకల కింద కాళ్లు దాదాపు కనబడవు, కొమ్ములు తలకు అంటుకునే ఉంటాయి. ఎక్కడా సన్నటి ముక్క లేదు. గట్టి రాయికి అంతకంటే తగిన జంతువు దొరకదు.

ప్రశ్న: వాటర్ పేపర్ 1000 నంబరుదాక రుద్దిన. అప్పుడు నున్నగనే ఉండె. నూనె రాయంగనే తెల్ల గీతలు లేచినయ్. నూనెనే మంచిది కాదా?
— గృహిణి, మంచిర్యాల

నూనె తప్పు కాదమ్మా, ఉన్న గీతలను అది చూపించింది, అంతే. అవి 1000 నంబరువి కావు, 120 నంబరు వదిలిన లోతు గీతలు. తడిగా ఉన్నప్పుడు రాయి మెరిసి గీతలను దాచేస్తుంది.

120, 220, 400, 600, 1000 వరుసలో ఒక్కటి కూడా దాటవేయకూడదు. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చండి. 120తో నిలువుగా రుద్దితే 220తో అడ్డంగా. అప్పుడు పాత గీతలు విడిగా కనిపిస్తాయి. ప్రతి నంబరుకు ముందు రాయిని ఆరబెట్టి ఒళ్లంతా పెన్సిలుతో పిచ్చిగీతలు గీయండి. పెన్సిలు మరక ఎక్కడ మిగిలితే అక్కడ కాగితం తగల్లేదన్నమాట. మెడ కింద, చెవుల వెనుక, కాళ్ల గాడిలో తప్పకుండా మిగులుతుంది. కాగితాన్ని చెప్పు రబ్బరు ముక్కకు చుట్టి రుద్దితే వంపుల్లోకి దిగుతుంది. నంబరు మారినప్పుడు నీళ్లు కూడా మార్చండి. పాత నీళ్లలో ఉండే ముతక రేణువు ఒక్కటి చాలు కొత్త గీతకు.

ఇప్పుడు మీ బొమ్మకు 220 నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ముందు నూనెను సర్ఫు నీళ్లతో కడగండి, లేకపోతే కాగితం జారుతుంది.

తరువాత పూత. కొబ్బరి నూనె, ఆముదం వద్దు, జిడ్డు నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పలుచగా రాసి అరగంటకు తుడిచేస్తే చాలు. ఎక్కువ రోజులు నిలవాలంటే తేనెమైనం. అది 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. బాగా ఆరిన రాయిని ఎండలో పెట్టి, ఆపైన హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం కొంచెంగా వేడి చేస్తూ మైనం ముద్ద ఆనిస్తే కరిగి పట్టుకుంటుంది. చల్లారాక నూలుగుడ్డతో రుద్దండి. తడి రాయిని గ్యాస్ పొయ్యి మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. లోపలి నీరు ఆవిరై రాయిని చీలుస్తుంది.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలకు క్రాఫ్ట్ పీరియడ్‌లో నేర్పించవచ్చా?
— ఉపాధ్యాయురాలు, జనగామ

రాయి వద్దు, స్నానపు సబ్బు ఇవ్వండి మేడం. కొత్త సబ్బు తీసుకోవాలి, ఎండిన పాత సబ్బు పెళుసుగా విరుగుతుంది. పనిముట్లు ఐస్‌క్రీం పుల్ల, పాత చెంచా, తడి గుడ్డ. సబ్బులో సీల్ అన్నిటికంటే సులువు: ఒక చివర సన్నం, నడుమ లావు, తల చిన్న గుండ్రం. చెక్కిన పొట్టును పారేయకుండా తడిపి ముద్ద చేస్తే చేతులు కడుక్కోవడానికి పనికొస్తుంది. పిల్లలు కళ్లు రుద్దుకోకుండా చూడండి.

ప్రశ్న: వాల్రస్ దంతాలు రాయిలనే తీస్తే ఇరుగుతున్నయ్. మా ఊర్ల దుప్పి కొమ్ము ఉన్నది, వాడొచ్చా?
— ఏటూరునాగారం నుంచి ఒక పాఠకుడు

వాడకండి. దుప్పి కొమ్ము అడవిలో రాలి దొరికినదైనా వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది. ఏనుగు దంతం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇన్యూట్లు వాల్రస్ దంతం, కారిబూ కొమ్ము పెట్టేది తాము తిండికి వేటాడే జంతువువి. మనకు ఆ అవసరమూ లేదు, అనుమతీ లేదు.

బర్రె ఎముక సరిపోతుంది. కాలి పొడవాటి ఎముక ముక్కను గంటసేపు నీళ్లలో ఉడికించి, కొవ్వు గీకేసి, నీడలో వారం ఆరబెట్టండి. కొవ్వు మిగిలితే తరువాత పసుపు పచ్చబడుతుంది. సన్నగా కోసి 3 మిల్లీమీటర్ల మందం, 3 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా తడిపి అరగదీయండి. ముఖంలో 8 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు రెండు చేతి డ్రిల్లుతో వేసి అరాల్‌డైట్‌తో నిలపండి. రంధ్రాలను మూతి పూర్తిగా సన్నబరచక ముందే వేయాలి, తరువాత వేస్తే మూతి చీలుతుంది.

ప్రశ్న: ఒంటికాలి మీద ఆడే ఎలుగు బొమ్మ ఫోటో చూసిన. నేను చేస్తే పడిపోతున్నది. దానికి కింద పీట లేకుండ ఎట్ల నిలబడతది?
— ఐటీఐ విద్యార్థి, వరంగల్

ఆ నాట్యమాడే ఎలుగులకు పేరు తెచ్చినవారిలో కినైట్ శిల్పి పౌటా సైలా ముఖ్యుడు. పీట లేకుండా నిలబడటం గారడీ కాదు, బరువు లెక్క.

బొమ్మ పక్కవాటు ఆకారాన్ని అట్టలో కత్తిరించండి. ఒక మూల దగ్గర గుండుసూది గుచ్చి వేలాడదీసి, అదే సూది నుంచి చిన్న బరువు కట్టిన దారం వదలండి. దారం వెంట గీత గీయండి. ఇంకో మూల నుంచి మళ్లీ అలాగే. రెండు గీతలు కలిసిన చోటు బరువు కేంద్రం. అక్కడి నుంచి నిలువుగా దించిన గీత పాదం నడిమిలో పడాలి. మడమ దగ్గరో వేళ్ల దగ్గరో పడితే ఎత్తిన కాలు, చాచిన చేతులు అటూ ఇటూ జరిపి మళ్లీ కత్తిరించండి. ముందు నుంచి చూసే ఆకారానికి కూడా ఇదే పరీక్ష. రాయి ముట్టుకోకముందే అట్టతో, ఆపైన మట్టితో తేల్చుకోవాలి.

20 సెంటీమీటర్ల బొమ్మకు పాదం కనీసం 5 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు ఉంచండి. చీలమండ లావుగా ఉండాలి. చెక్కుతున్నంతసేపూ పాదం కింద రెండు సెంటీమీటర్ల అదనపు దిమ్మె వదిలి, అన్నీ అయ్యాకే దాన్ని కోయండి. కోశాక పాదం చదును చేయడానికి, హన్మకొండ విద్యార్థినికి వద్దన్న గ్రానైట్ ముక్క ఇక్కడ అక్కరకొస్తుంది. దాని నున్నటి పక్క మీద 120 నంబరు వాటర్ పేపర్ తడిపి పరిచి, బొమ్మను నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పాదం మధ్యలో కాస్త పల్లం చేస్తే అంచులే నేలకు ఆని ఊగకుండా నిలబడుతుంది.

చివరికి 30 సెంటీమీటర్ల చెక్క మీద నిలబెట్టి చెక్క ఒక కొసను 5 సెంటీమీటర్లు లేపండి. నాలుగు దిక్కులా తిప్పి చూసినా పడకపోతే ఇంట్లో పెట్టుకోవచ్చు. ఒక దిక్కుకు పడితే ఆ దిక్కున ఉన్న చెయ్యినో మూతినో కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోండి.

ప్రశ్న: నేను చేసిన గుడ్లగూబలు నలుగురు అడుగుతున్నరు. 'ఎస్కిమో శిల్పం' అని రాసి ఎగ్జిబిషన్‌ల అమ్మొచ్చా?
— చేతిపనుల వ్యాపారి, వరంగల్

అమ్మండి, ఆ పేరుతో మాత్రం వద్దు. ఎస్కిమో అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు, కెనడాలో వాళ్లకు అది నచ్చదు. ఇన్యూట్ అంటే వాళ్ల భాషలో మనుషులని అర్థం, ఒక్కరినైతే ఇనుక్ అంటారు. ఇన్యూట్ శిల్పం అని కూడా రాయకూడదు, ఎందుకంటే చెక్కింది మీరు.

నకిలీ బొమ్మలతో వాళ్లు నిజంగానే నష్టపోయారు. అందుకే కెనడా ప్రభుత్వం 1958లో ఇగ్లూ ముద్ర ఉన్న చీటీ తెచ్చింది. ఆ చీటీ ఉంటే ఇన్యూట్ చేతి పని అని గుర్తు. 2017 నుంచి దాన్ని ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చూస్తోంది. మన వరంగల్ డర్రీలకు భౌగోళిక గుర్తింపు ఎందుకు అడిగామో అదే బాధ అక్కడిది. ఎక్కడో మిషను మీద నేసిన తివాచీని వరంగల్ డర్రీ అని అమ్మితే కొత్తవాడ నేతగాళ్ల కూలి పోయినట్టే.

చీటీ మీద 'ఇన్యూట్ శిల్పాల స్ఫూర్తితో వరంగల్‌లో చెక్కినది' అని రాసి, రాయి పేరు, దొరికిన ఊరు చేర్చండి. ఫలానా శిల్పి చేసిన ఫలానా గుడ్లగూబను గీతకు గీత దించవద్దు. వాళ్ల అక్షరాలతో సంతకం అసలే వద్దు, తెలుగులో మీ పేరు రాయండి. సంతకం బొమ్మ అడుగున, మైనం పట్టించి తుడిచాక, సన్న ఆకురాయి మొనతో గీరాలి. ముందే గీరితే మైనం గీతలోకి దిగి నల్లబడిపోతుంది.